తాను నేర్చిన కుంచెను ఇంటింటికీ పంచిన దామెర్ల

రాజమహేంద్రవరం: ఆంధ్ర చిత్రకళకు ఆధునిక రూపునిచ్చిన దామెర్ల రామారావు 1897 మార్చి 8న ఈ నగరంలోనే జన్మించారు. ఇక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్, స్వయంగా చిత్రకారుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ యువకుని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. ఫలితంగా రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు.

చదువు ముగిశాక ఆయన మహానగరంలో స్థిరపడలేదు. గోదావరి తీరానికే తిరిగివచ్చి, చిత్రకళాశాల నెలకొల్పి స్థానిక యువకులకు కుంచె పట్టడం నేర్పారు. నీటిరంగుల చిత్రణ కష్టసాధ్యమైనది. కాగితంపై ఒకసారి పడిన పూతను మళ్లీ దిద్దుకోవడం దాదాపు అసాధ్యం. పక్కన గురువు ఉండి చేయి కదలికను చూపవలసిన విద్య అది. ఆ విద్య ఆయన ఇంటి గడప లోపలా సాగింది. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ సైతం చిత్రకారిణులుగా గుర్తింపు పొందారు. స్త్రీలకు చదువే అరుదైన ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను బలిగొన్నది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లైనా నిండలేదు. గురువు పోవడంతో మూతపడవలసిన కళాశాలను మిత్రుడు వరదా వెంకటరత్నం భుజాన వేసుకున్నారు. నగరంలోని దామెర్ల రామారావు చిత్రకళా మందిరంలో గురువు చిత్రాలతోపాటు ఆ ఇంటి స్త్రీలు, సహచరులు వేసిన చిత్రాలూ ఉన్నాయి. నీటిరంగులకు వెలుతురు, తేమ రెండూ శత్రువులే. గోదావరి గాలిలో ఆ కాగితాలను కాపాడుకోవడం నిత్యం చూసుకోవలసిన పని.