నూనె చుక్క చూడకుండానే వెళ్లిపోయిన ఓడల యజమాని

పోర్టు రోడ్ల మీద ట్రక్కులపై వెళ్లే కంటైనర్లలో ఏడు కోణాల తెల్ల నక్షత్రం, పక్కన మేర్స్క్ అనే పేరు చాలామంది చూసే ఉంటారు. ఆ సంస్థను నిలబెట్టిన మనిషి ఆర్నాల్డ్ పీటర్ మోలర్.

1876 అక్టోబర్ 2న డెన్మార్క్‌లోని డ్రాగోర్‌లో పుట్టారు. తండ్రి ఓడ కెప్టెన్. 1904లో తండ్రీకొడుకులు కలిసి స్వెండ్‌బోర్గ్ పట్టణంలో కంపెనీ పెట్టారు. కొన్న మొదటి ఓడ 2,200 టన్నుల సెకండ్‌హ్యాండ్ ఆవిరి ఓడ. చేతిలో ఉన్న డబ్బుకు అంతే వచ్చింది మరి! 1912లో రెండో కంపెనీ, ఆ తర్వాత సొంత షిప్‌యార్డు, 1928లో చమురు మోసే ట్యాంకర్లు వచ్చాయి.

1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించింది. దానికి ముందురోజే, సముద్రంలో ఉన్న ఓడలు ఇకపై న్యూయార్క్ ఆఫీసు మాట వినాలని మోలర్ ఏర్పాటు చేశారు. కొడుకును అమెరికా పంపారు. అయినా యుద్ధం ముగిసేసరికి సగం ఓడలు పోయాయి, ఎందరో నావికులు చనిపోయారు. మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

అసలు సాహసం మాత్రం 85 ఏళ్ల వయసులో చేశారు. అప్పట్లో డెన్మార్క్ చమురంతా బయటి నుంచే కొనేది. అంతకుముందు నేల మీద బావులు తవ్వినవాళ్లకు ఏమీ దక్కలేదు. అలాంటప్పుడు, 1962 జులై 8న, దేశం మొత్తంలో చమురు, గ్యాస్ వెతికి తీసే హక్కును 50 ఏళ్లకు ఆయన ఒక్కరే తీసుకున్నారు. ఓడలు తెలుసు గానీ తవ్వకం తెలియదు. అందుకే షెల్, గల్ఫ్ కంపెనీలను భాగస్వాములుగా కలుపుకున్నారు. మరుసటి ఏడాది ఉత్తర సముద్రంలో తన వాటా అడుగుభాగంపై డెన్మార్క్ హక్కు ప్రకటించడంతో, వెతుకులాట అక్కడికీ చేరింది.

1965 జూన్ 12న మోలర్ కన్నుమూశారు. ఉత్తర సముద్రంలో నూనె తగిలింది 1966లో. ఉత్పత్తి మొదలైంది 1972లో, డాన్ అనే క్షేత్రం నుంచి.

ఈలోగా కంపెనీ 1967లో మరో పని మొదలుపెట్టింది. సముద్రం మధ్యలో ఉండే రిగ్గులకు పైపులు, సిమెంటు, మంచినీళ్లు చేరవేసే ఓడల వ్యాపారం అది. 1972లో సొంత డ్రిల్లింగ్ కంపెనీ కూడా వచ్చింది. సరుకు మోసే సంస్థ చమురు పనుల్లోకి అలా అడుగుపెట్టింది.

ఇంత సంపద ఒకే కుటుంబానికి ఎలా రాసిచ్చారని డెన్మార్క్‌లో ఏళ్ల తరబడి గొడవ జరిగింది. అడగడం తప్పు కాదు. అయితే 1962లో ఖర్చూ, నష్టభయమూ ఆయనవే. చివరకు 1981లో కొన్ని ప్రాంతాలు వెనక్కి ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. 2012లో ప్రభుత్వమే 20 శాతం భాగస్వామిగా చేరింది. 2018లో మేర్స్క్ తన చమురు కంపెనీని ఫ్రాన్స్‌కు చెందిన టోటల్‌కు అమ్మేసింది.