రైలుమార్గముల గ్రంథభాండారి జాన్ బారిగర్ జీవితము

నరసాపురము చేరి రైలెక్కి దూరదేశములకు బోవు మన మొగల్తూరువారికి రైలు ప్రయాణము క్రొత్త గాదు. వాల్టన్ దొర ఆధ్వర్యవమున 1900 సంవత్సరమున రాజమహేంద్రవరము కడ పూర్తియైన గోదావరి వంతెనపై 1997 వఱకు బండ్లు నడచినవి. ఇట్టి మార్గములను ఎవరు వేసిరి, ఎంత వ్యయపడిరి, ఏల లాభించిరి, ఏల నష్టపడిరి యను సంగతులు కాగితములయందే నిలుచును. ఆ కాగితములను జీవితాంతము కూర్చిన మహనీయుడు అమెరికా దేశీయుడైన జాన్ వాకర్ బారిగర్.

ఈయన 1899 డిసెంబరు 3వ తేదీన టెక్సాస్ రాష్ట్రమందలి డల్లాసు పట్టణమున జన్మించెను. 1921లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పట్టము పొంది, పెన్సిల్వేనియా రైలు కంపెనీలో కొలువు చేసెను. తరువాత కొంతకాలము న్యూయార్కు నగరపు ధనవ్యాపార సంస్థలలో రైలు కంపెనీల జమాఖర్చులను పరిశీలించెను.

1929లో మొదలైన ఆర్థికమాంద్యముచే రైలు కంపెనీలు అనేకములు కూలుచుండగా, వానికి ప్రభుత్వ ఋణము లొసగు సంస్థయందలి రైలు శాఖకు ఈయన 1933లో అధిపతియై, 1941 వఱకు ఆ పదవి నిర్వహించెను. ఋణ మిచ్చుటకు ముందు మార్గమును స్వయముగా జూచుట ఈయన నియమము. బండి చివరి పెట్టె వెనుక నిలిచి వంతెనలను, స్టేషనులను, పట్టాలను ఛాయాచిత్రములు తీయుచుండెను. ఆ చిత్రములు వేలకొలది యయ్యెను. వార్షిక నివేదికలు, పటములు, కాలపట్టికలు, ఇంజనీర్ల పరిశీలన పత్రములు, ఉత్తర ప్రత్యుత్తరములు వానితో జేరెను.

1946లో దివాలానుండి అప్పుడే బయటపడిన మోనాన్ మార్గమునకు ఈయన అధ్యక్షుడయ్యెను. 541 మైళ్ల యా మార్గమున 1949 నాటికి ఆవిరి యంత్రములన్నియు తొలగి డీసెల్ యంత్రములు నడచెను. 1956లో రైలుమార్గముల భవిష్యత్తును గూర్చి గ్రంథము ప్రకటించెను. పిమ్మట పిట్స్‌బర్గు-లేక్ ఈరీ కంపెనీని 1964 వఱకు పాలించి, అరువదియైదేండ్ల ప్రాయమున, నష్టములలో మునిగియున్న మిస్సోరి-కాన్సస్-టెక్సాస్ కంపెనీ భారమును 1965లో వహించి, శిథిలమైన పట్టాలను బాగుచేయించెను. 1976 డిసెంబరులో పరమపదించెను.

ఈయన పాలించిన కంపెనీల పేరులు నేడు బండ్లపై గానరావు. మోనాన్ 1971లోను, మిస్సోరి-కాన్సస్-టెక్సాస్ 1988లోను ఇతర కంపెనీలలో లీనమయ్యెను. కంపెనీలు కలిసిపోవునపుడు పాత దస్త్రములు చెత్తపాలగుట సామాన్యము. ఈయన సంగ్రహము మాత్రము సెయింట్ లూయీ నగరమున 1846లో స్థాపితమైన మర్కంటైల్ గ్రంథాలయమును చేరి, ఈయన పేరిట జాతీయ రైలు గ్రంథాలయమై వెలసినది. 1998లో ఆ గ్రంథాలయము మిస్సోరి విశ్వవిద్యాలయపు సెయింట్ లూయీ ప్రాంగణమునకు తరలెను. మార్గముల చరిత్ర వ్రాయువారు నేటికిని ఆ సంగ్రహము నాశ్రయించుచున్నారు.

కులబాంధవులారా, పోషక మహాశయులారా! మన యిండ్ల భోషాణములలో పూర్వుల దస్తావేజులు, వంశవృక్షములు, తాటియాకు ప్రతులు, లేఖలు చెదలపాలగుచున్నవి. ఏటేట మహాసభకు విచ్చేయు మనలో ప్రతికుటుంబము ఒక్కొక్క కట్టను వెదకి తీసి, పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి, ఒకచోట భద్రపఱచిన యెడల, మన సంతతివారు తమ పూర్వుల చరిత్రకై పరులను యాచింపనక్కఱలేదు. ధనికులు బీరువా నొసగవచ్చును. చదువుకొన్న యువకులు పట్టిక వ్రాయవచ్చును. వృద్ధులు పటములందలి ముఖములకు పేరులు చెప్పవచ్చును. పేరులు చెప్పగల వృద్ధులు మన నడుమ నున్నప్పుడే యీ కార్యమునకు పూనుకొనవలయును.