లోహాన్ని లొంగదీసిన వొలాస్టన్

ఒక లీటరు నీరు ఒక కిలో బరువు తూగుతుంది. అంతే పరిమాణం గల ఇనుము దాదాపు 8 కిలోలు, బంగారం 19 కిలోలకు పైగా తూగుతాయి. ప్లాటినం అయితే 21 కిలోలు దాటుతుంది. చూడటానికి అది వెండివలె తెల్లగా ఉంటుంది. గాలి తగిలినా, నీరు తగిలినా తుప్పు పట్టదు. మామూలు ఆమ్లాలేవీ దానిని కరిగించలేవు. 1768 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే గాని అది ద్రవంగా మారదు. ఇన్ని సుగుణాలున్న ఈ లోహం ఒకప్పుడు ఎవరికీ పెద్దగా అక్కరకు రాలేదు. దానిని మనిషి చేతికి పనిముట్టుగా అందించినవారిలో అగ్రగణ్యుడు విలియం హైడ్ వొలాస్టన్.

దక్షిణ అమెరికాలోని నేటి కొలంబియా ప్రాంతపు నదుల ఇసుకలో బంగారంతోపాటు తెల్లని బరువైన రేణువులు దొరికేవి. స్పెయిన్ వారు వాటికి చిన్న వెండి అనే అర్థం వచ్చేటట్లు ప్లాటినా అని పేరు పెట్టారు. ఆ కాలపు కొలుములకు ఆ రేణువులు కరిగేవి కావు. కొందరు పాషాణం కలిపి కరిగించేవారు. కాని ఆ విషపు పొగ ప్రమాదకరమైనది. కొందరు చేసిన లోహం సుత్తి దెబ్బకే పగిలిపోయేది.

వొలాస్టన్ 1766 ఆగస్టు 6న ఇంగ్లండులోని నార్‌ఫోక్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి చర్చిలో మతాచార్యుడు. ఆ ఇంట పదిహేడుగురు సంతానం. వొలాస్టన్ కేంబ్రిడ్జిలో వైద్యశాస్త్రం చదివి, కొంతకాలం వైద్యవృత్తి సాగించాడు. రోగుల బాధ ఆయన మనసును కలతపెట్టేది. లండనులోని ఒక ఆసుపత్రిలో పదవికి పోటీచేసి ఓడిపోయాడు. 1800లో వైద్యవృత్తిని విడిచిపెట్టి, రసాయన శాస్త్రంతోనే జీవించాలని నిశ్చయించుకొన్నాడు. అది సాహసమే. పరిశోధకునికి జీతమిచ్చే కొలువులు ఆనాడు చాలా తక్కువ.

కేంబ్రిడ్జి నాటి మిత్రుడు స్మిత్‌సన్ టెనెంట్ ఆయనకు తోడయ్యాడు. ఇద్దరూ కలిసి 1800 డిసెంబరులో సుమారు 185 కిలోల ప్లాటినం ముడిఖనిజం కొన్నారు. కరగని లోహాన్ని కరిగించడానికి వొలాస్టన్ ప్రయాసపడలేదు. వేరే దారి పట్టాడు. ఖనిజాన్ని ద్రవరాజంలో వేసి ద్రావణంగా మార్చాడు. అందులో నవసాగరం కలపగా పసుపుపచ్చని మడ్డి అడుగున చేరింది. ఆ మడ్డిని సన్నని సెగమీద వేడిచేస్తే మెత్తని ప్లాటినం పొడి మిగిలింది. ఆ పొడిని గట్టి లోహంతో నూరితే రేణువులు నునుపుదేరి, తరువాత ఒకదానికొకటి అంటుకొనవు. అందుచేత కొయ్యపాత్రలో కొయ్య రోకలితోనే నూరాడు. తడిపొడిని ఇత్తడి గొట్టంలో పోసి, పెద్ద మీటతో బలంగా అదిమి దిమ్మగా చేశాడు. దిమ్మను ఆరబెట్టి, కొలిమిలో తెల్లగా కాల్చి, సుత్తితో మోదాడు. పొడి గట్టి లోహమయింది. రేకుగా సాగింది. తీగగా వంగింది.

ఈ పని చేస్తుండగానే కొత్త మూలకాలు బయటపడ్డాయి. ద్రావణంలో వొలాస్టన్ పల్లాడియం, రోడియం కనుగొన్నాడు. కరగక మిగిలిన నల్లని పొడిలో టెనెంట్ ఆస్మియం, ఇరిడియం కనుగొన్నాడు. ఈ రెండూ ప్లాటినం కంటె మరింత సాంద్రమైనవి.

వొలాస్టన్ ప్లాటినంతో మూసలు చేయించి అమ్మాడు. గంధకికామ్లాన్ని కాచి చిక్కబరచే పాత్రలు చేయించాడు. అంతకుముందు వాడిన గాజు పాత్రలు తరచుగా పగిలేవి. తుపాకుల్లో మందు అంటుకొనే రంధ్రాలకు కూడ ప్లాటినం తొడిగారు. దీనివల్ల వచ్చిన ధనమే ఆయన పరిశోధనలకు ఆధారం. అందుచేత తన పద్ధతిని ఎవరికీ చెప్పలేదు. ప్రయోగశాలలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

ఈ గోప్యత వల్ల చిక్కులు లేకపోలేదు. పల్లాడియాన్ని ఆయన 1803లో తన పేరు చెప్పకుండా ఒక దుకాణంలో అమ్మకానికి పెట్టించాడు. రిచర్డ్ చెనెవిక్స్ అనే శాస్త్రజ్ఞుడు దానిని ప్లాటినం, పాదరసాల మిశ్రమంగా పొరబడ్డాడు. అలా కృత్రిమంగా చేసి చూపినవారికి 20 పౌన్ల బహుమతి ఉన్నదని అజ్ఞాతంగా ఒక ప్రకటన వెలువడింది. ఎవరూ చేయలేకపోయారు. 1805లో వొలాస్టన్ అసలు సంగతి వెల్లడించాడు. అప్పటికే చెనెవిక్స్ పేరుకు మచ్చ వచ్చింది. రహస్యం ఒకరికి లాభం తెచ్చినా మరొకరికి నష్టం చేయవచ్చునని ఈ ఉదంతం తెలుపుతుంది.

1828లో వొలాస్టన్‌కు మెదడులో కంతి వల్ల జబ్బు ముదిరింది. తాను ఎక్కువ కాలం బ్రతకనని ఆయన గ్రహించాడు. దాదాపు మూడు దశాబ్దాలు దాచిన విద్య తనతోపాటు మట్టిలో కలిసిపోరాదని తలచాడు. చేయి సహకరించకపోగా, తాను చెబుతూ మరొకరిచేత వ్రాయించాడు. కొయ్య రోకలి సంగతితో సహా ఏదీ విడువలేదు. ఆ వ్యాసాన్ని 1828 నవంబరు 20న రాయల్ సొసైటీలో చదివారు. శాస్త్ర పరిశోధనలకోసం ధనం కూడ సమర్పించాడు. డిసెంబరు 22న కన్నుమూశాడు. చివరి ఘడియల్లో మాట పడిపోగా, చుట్టూ ఉన్నవారు స్పృహ లేదనుకొన్నారు. ఆయన సైగచేసి కాగితం తెప్పించుకొని, అంకెలు వ్రాసి, తప్పు లేకుండా కూడి చూపాడు.

పొడిని అదిమి, కాల్చి లోహంగా మార్చే ఈ విధానం తరువాత అనేక పరిశ్రమలకు దారి చూపింది. విద్యుత్ బల్బులో వెలిగే టంగ్‌స్టన్ తీగకు కూడ ఇరవయ్యో శతాబ్దిలో ఇటువంటి పద్ధతినే అనుసరించారు. ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన దిమ్మ 1889 నుండి 2019 వరకు ప్రపంచానికి కిలోగ్రాము ప్రమాణంగా నిలిచింది. నేడు వాహనాల పొగలోని విషవాయువులను తగ్గించడానికి, ఎరువులకు కావలసిన నత్రికామ్లం తయారీకి ప్లాటినం ఉపయోగపడుతున్నది. కేన్సరు చికిత్సలో వాడే కొన్ని మందులలోనూ అది ఉన్నది.

దాచిన విద్య వొలాస్టన్‌కు సంపదనిచ్చింది. పంచిన విద్య లోకానికి ఉపకరించి, ఆయన పేరును నిలిపింది.