విజ్జీ: ఒక క్రీడానాయకుని జీవితం

ప్రతిభ, క్రమశిక్షణ ఒకే వ్యక్తియందు సమపాళ్లలో ఉండుట అరుదు. ప్రతిభావంతుడైన ఆటగాడు కట్టుబాటు తప్పినచో జట్టు అతనిని ఉంచుకొనవలెనా, తొలగింపవలెనా? ఆంధ్రదేశమున జన్మించిన ఒక నాయకునికి ఈ ప్రశ్న ఎదురైనది.

ఆయన విజయనగర సంస్థాన రాజకుమారుడు పూసపాటి విజయానంద గజపతిరాజు. క్రీడాలోకానికి ‘విజ్జీ’. 1905 డిసెంబరు 28న జన్మించిన ఆయన అజ్మీరు మేయో కళాశాలలోను, ఇంగ్లండులోను చదివి, పిదప కాశీలో స్థిరపడ్డారు. క్రికెట్‌పై ఆయనకు గల మక్కువ అపారం. 1930–31లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండు దిగ్గజాలను రప్పించి తన జట్టులో ఆడించారు. అయితే ఆయన పలుకుబడికి తగినంత ఆట ఆయన చేతిలో లేదు.

1936లో ఇంగ్లండు వెళ్లిన భారతజట్టుకు ఆయనే నాయకుడు. తెలుగు కుటుంబీకుడైన సి.కె. నాయుడు, మహమ్మద్ నిస్సార్, ముష్తాక్ అలీ, విజయ్ మర్చంట్, లాలా అమర్‌నాథ్ ఆ జట్టులోని వారే. భారతదేశానికి తొలి టెస్టు శతకం 1933లో సాధించి పెట్టినవాడు అమర్‌నాథ్. కాని ఆయన ముక్కోపి.

లార్డ్స్ మైదానంలో మైనర్ కౌంటీస్‌తో ఆట జరుగుతున్నది. ప్యాడ్లు కట్టుకొని సిద్ధముగా ఉన్న అమర్‌నాథ్‌ను ఆపి, ఇతరులను ముందు పంపారు. ఆట ముగియవచ్చిన వేళ అవకాశం లభించిన ఆయన, తిరిగివచ్చి సామగ్రిని విసిరివేసి పంజాబీలో ఆగ్రహం వెళ్లగ్రక్కాడు. విజ్జీ, మేనేజరు మేజర్ బ్రిటన్ జోన్స్ కలసి తొలి టెస్టుకు ముందే ఆయనను స్వదేశానికి పంపివేశారు. అప్పటికి ఆ పర్యటనలో ఆయన 613 పరుగులు చేసి, 32 వికెట్లు తీసియున్నాడు.

మూడు టెస్టులలో భారత్ రెండింట ఓడినది. నాయకుడు చేసిన పరుగులు మొత్తం 33. 1937లో బ్యూమాంట్ సంఘం విచారణ జరిపి అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చి, విజ్జీ నాయకత్వంలోని లోపాలను ఎత్తిచూపినది.

అమర్‌నాథ్ ప్రవర్తన మెచ్చదగినది కాదు. జట్టులో దానిని ఉపేక్షించుటయు తగదు. మందలింపు, ఒక ఆటకు దూరముంచుట వంటి శిక్షలు ఉండనే ఉన్నవి. కోపకారణం విచారింపక, ఆ కోపానికి గురియైన నాయకుడే తీర్పరియై అంతిమదండన విధించుట న్యాయం కాజాలదు. ఆ ఆటగాడే 1952లో నాయకుడై, పాకిస్తాన్‌పై భారతదేశానికి తొలి టెస్టు సిరీస్ విజయం సాధించిపెట్టాడు.

విజ్జీ జీవితాన్ని ఆ ఒక్క నిర్ణయంతోనే కొలువరాదు. ఆయన 1954 నుండి 1957 వరకు క్రికెట్ బోర్డు అధ్యక్షులు. 1958లో పద్మభూషణ్ బిరుదు పొందారు. విశాఖపట్టణం నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశారు. విశ్వవిద్యాలయ క్రికెటర్ల ‘విజ్జీ ట్రోఫీ’ ఆయన పేరిటనే వెలసినది.

విద్యార్థి మిత్రులారా! రేపు మీరు ఒక జట్టుకో, సంఘానికో నాయకులు కావచ్చు. మీకంటె సమర్థుడు మీ ఎదుట ఎదురుతిరిగి నిలిచిన నాడు, తీర్పునకు ముందు అతని మాట వినుడు.