తునికికి శాస్త్రనామం పెట్టిన రాక్స్‌బర్గ్

అరకులోయ: తూర్పు కనుమల మన్యంలో వేసవి రాగానే గిరిజనులు సేకరించే బీడీ ఆకు తునికి చెట్టుది. ఆ చెట్టుకు డయోస్పైరాస్ మెలనోజైలాన్ అని నామకరణం చేసింది స్కాట్లాండ్‌కు చెందిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్.

1751లో జన్మించిన ఆయన 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యునిగా మద్రాసు చేరారు. 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ ఉత్తర సర్కారుల మొక్కలను సేకరించి, ఎండబెట్టి భద్రపరిచారు. 1787 నాటి ఉప్పెన ఆ నమూనాలను, గ్రంథాలను, రాతప్రతులను తుడిచిపెట్టింది. అయినా ఆయన నిరాశ చెందక మళ్లీ మొదటి నుంచి సేకరణ ఆరంభించారు. స్థానిక చిత్రకారులచే మొక్కలకు వర్ణచిత్రాలు గీయించారు. వాటి తెలుగు పేర్లనూ నమోదు చేశారు. 1793లో కలకత్తా ఉద్యానవనం బాధ్యతలు స్వీకరించారు.

ఆయన పరిశోధనా ఫలితమైన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథం 1795 నుంచి లండన్‌లో వెలువడింది. అందులోని మూడు సంపుటాల్లో 300 చిత్రాలున్నాయి. తొలి సంపుటంలోనే తునికి కుటుంబానికి చెందిన పలు జాతులు చోటు చేసుకున్నాయి.

1815లో రాక్స్‌బర్గ్ ఎడింబరోలో కన్నుమూశారు. నేటికీ తునికి శాస్త్రనామం వెంట ఆయన పేరు సంక్షిప్తంగా కనిపిస్తుంది. ఆ బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు మాత్రం గ్రంథానికెక్కలేదు.