స్టూడెంట్ అను మారుపేరు గల శాస్త్రజ్ఞుడు

గణాంకశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు స్టూడెంట్ టి పరీక్ష అను మాట వినియే యుండును. ఈ స్టూడెంట్ ఎవరో పాఠ్యపుస్తకములు తరచుగా చెప్పవు. అది ఒక మారుపేరు. దాని వెనుక దాగిన వ్యక్తి విశ్వవిద్యాలయాచార్యుడు కాడు. బీరు తయారుచేయు కర్మాగారమున ఉద్యోగి. అసలు పేరు విలియం సీలీ గాసెట్.

గాసెట్ 1876వ సంవత్సరము జూన్ 13వ తేదీన ఇంగ్లండులోని కాంటర్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి సైన్యమునందలి ఇంజనీరు దళమున అధికారి. కుమారుడును అదే మార్గము త్రొక్కవలసినవాడు గాని, కంటిచూపు చాలకపోవుటచే ఆ యవకాశము తప్పిపోయెను. వించెస్టరులోను, పిమ్మట ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజీలోను చదివి, గణితమునందును రసాయనశాస్త్రమునందును ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. 1899లో డబ్లిను నగరమందలి గిన్నెస్ కర్మాగారమున చేరి, జీవితాంతము ఆ సంస్థలోనే పనిచేసెను.

అచ్చట ఆయనకెదురైన చిక్కు చిన్నదిగా కనబడును గాని చిన్నది కాదు. రెండు రకముల బార్లీలో ఏది మేలైనది? నాలుగు పొలములలో పండించి చూచుటకే ఒక సంవత్సరము పట్టును. వేయి పొలములెక్కడ దొరకును? ఆనాటి లెక్కల పద్ధతులన్నియు వందలకొలది పరిశీలనలున్నప్పుడే నమ్మదగినవి. నాలుగైదు సంఖ్యలే చేతిలో నున్నవాడు ఎంతవరకు నమ్మవచ్చునో చెప్పగలవారు లేరు. ఈ ప్రశ్నతోనే గాసెట్ 1906లో లండను యూనివర్సిటీ కాలేజీకి పోయి, కార్ల్ పియర్సన్ వద్ద కొంతకాలము పనిచేసెను.

1908లో బయోమెట్రికా పత్రికయందు ఆయన సమాధానము వెలువడెను. తన సిద్ధాంతమును సరిచూచుకొనుటకు ఆయన చేసిన పని ముచ్చటైనది. మూడువేలమంది నేరస్థుల యెత్తును, ఎడమచేతి నడిమివ్రేలి పొడవును మూడువేల అట్టముక్కలపై వ్రాసి, బాగుగా కలిపి, నాలుగేసి చొప్పున 750 గుంపులు చేసి లెక్కించెను. ఉద్యోగులు తమ పేర్లతో వ్యాసములు ప్రకటించుట సంస్థకు సమ్మతము కాకపోవుటచే, వ్యాసము క్రింద స్టూడెంట్ అను పేరు మాత్రమే నిలిచెను. ఆయన తన్ను విద్యార్థి యని పిలుచుకొనెను. ఆ పేరు కడవరకు మార్చలేదు.

ఆ వ్యాసములోనే ఒక చక్కని ఉదాహరణమున్నది. అమెరికాలో పదిమంది రోగులకు రెండు నిద్రమందులను వేర్వేరు రాత్రులందిచ్చి, నిద్ర యెంత పెరిగినదో చూచిరి. ఆ ఫలితములు 1905లో ప్రకటింపబడినవి. మొదటి మందువలన సగటున 0.75 గంట, రెండవ దానివలన 2.33 గంటలు నిద్ర హెచ్చెను. అయినను మనుష్యునికి మనుష్యునికి పోలిక లేదు. అదే రెండవ మందుతో ఒకనికి 5.5 గంటలు పెరుగగా, మరియొకనికి 0.1 గంట తగ్గెను. ఈ ఇరువది సంఖ్యలను వేర్వేరు మనుష్యులవిగా నెంచి పోల్చినచో, మందుల భేదము ఈ వైవిధ్యములో మునిగిపోవును. అంతటి భేదము యాదృచ్ఛికముగా నూటికి ఎనిమిది పర్యాయములైనను రావచ్చునని తేలును.

గాసెట్ అట్లు చేయలేదు. ప్రతి రోగిని అతనితోనే పోల్చెను. ఒక్కొక్కరి రెండవ సంఖ్యనుండి మొదటిదానిని తీసివేసి, మిగిలిన పది భేదములనే పరిశీలించెను. తొమ్మిదిమందికి రెండవ మందే మేలు చేసినది. ఒకనికి రెండును సమానము. భేదముల సగటు 1.58 గంటలు. వాని ప్రామాణిక విచలనము 1.23, దానిని పది యొక్క వర్గమూలముచే భాగించిన సుమారు 0.39 వచ్చును. సగటును దీనిచే భాగించినచో ఫలము నాలుగుకు కొంచెము పైన. మందులు నిజముగా సమానమైనచో ఇంత పెద్ద ఫలము వేయింట మూడు పర్యాయములకంటె రాదు. సంఖ్యలు అవే, పోల్చిన విధము వేరు. గాసెట్ లెక్కకు నేడు మనమెరిగిన టి రూపమును తరువాత సమకూర్చినవాడు రోనాల్డ్ ఫిషర్. పియర్సనుకును ఫిషరుకును పొత్తు కుదరలేదు గాని, గాసెట్ ఇరువురకును మిత్రుడుగానే యుండెను.

ఉపాధ్యాయులు తప్పక తెలిసికొనవలసిన కథ మరియొకటి కలదు. 1930లో స్కాట్లండులోని లానార్క్‌షైరున 67 పాఠశాలలలో ఇరువదివేలమంది పిల్లలపై ఒక పరీక్ష జరిగెను. పదివేలమందికి నాలుగు మాసములు ప్రతిదినము పాలిచ్చిరి. తక్కిన పదివేలమందికి ఇయ్యలేదు. పిల్లలను చీట్లవలననో అక్షరక్రమముననో ఎన్నుకొనవలెను. కాని ఒక గుంపులో బలిష్ఠులో బలహీనులో ఎక్కువైనట్లు తోచినచో మార్పుచేయుటకు ఉపాధ్యాయులకు స్వేచ్ఛ యుండెను. ఎదుట నిలిచిన బక్కచిక్కిన బిడ్డకు పాలు నిరాకరించుటకు ఏ గురువునకు మనసొప్పును? పాలు త్రాగని గుంపు మొదటినుండియే ఎత్తునను బరువునను మించియుండుట తరువాత బయటపడెను. పైగా పిల్లలను దుస్తులతోనే తూచిరి. ఫిబ్రవరి చలిలో కలవారి పిల్లలు ధరించిన మందపు దుస్తులు జూన్ నాటికి తొలగిపోగా, ఆ బరువు కూడ లెక్కలలో చేరి ఫలితమును చెడగొట్టెను.

1931లో గాసెట్ ఈ లోపములను ఎత్తిచూపెను. ఉపాధ్యాయుల దయను ఆయన నిందింపలేదు. దయకు చోటిచ్చిన ఏర్పాటునే తప్పుపట్టెను. అచ్చుగ్రుద్దినట్లుండు కవలపిల్లలను ఏబది జతలు తీసికొని, ప్రతి జతలో ఒకరికి పాలిచ్చి రెండవవారికి ఇయ్యకున్నచో, అతిస్వల్పవ్యయముతో ఇంతకంటె నమ్మదగిన ఫలితము వచ్చునని సూచించెను. పదిమంది నిద్రరోగుల లెక్కలో నేర్చిన పాఠమే ఇది. సరిపోలినవారిని సరిగా జతపరచినచో కొద్దిమందియే చాలుదురు; జత చెడినచో ఇరువదివేలమందియు చాలరు.

గాసెట్ 1935లో లండనులో స్థాపింపబడిన క్రొత్త కర్మాగారమున అధికారియై వచ్చి, 1937 అక్టోబరు 16వ తేదీన, అరువదియొకటవ యేట కాలధర్మము నొందెను. ఆయన పేరు నేటికిని చాలమందికి తెలియదు. కాని ఒక తరగతిలో పాఠమునకు ముందును తరువాతను పరీక్ష పెట్టి, ప్రతి బిడ్డ మార్కులను ఆ బిడ్డ మార్కులతోనే పోల్చి చూచు ఉపాధ్యాయుడు, తెలియకయే ఆయన మార్గమున నడచుచున్నాడు.