మళ్ళీ మళ్ళీ చూడదగిన చిత్రాల శిల్పి – కె.వి. రెడ్డి

కథ తెలియని చిత్రాన్ని చూడడానికి కుతూహలం ఒక్కటి చాలు. కథ అంతా తెలిసి, ముగింపు తెలిసి, తరువాత రాబోయే మాట కూడా ముందే నోటికి వచ్చిన పిదప అదే చిత్రాన్ని ఇరవయ్యోసారి చూడాలంటే అందులో కుతూహలాన్ని మించినది ఏదో ఉండి తీరాలి. మన కళాశాలలో ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థుల ఇండ్లలో ఆ గౌరవం 1960లో విడుదలైన ‘మొఘల్-ఎ-ఆజమ్’కు దక్కింది. తెలుగు ఇండ్లలో అంతకు మూడేండ్ల ముందు వచ్చిన ‘మాయాబజార్’కు దక్కింది. నిజానికి ఈ విభజన కూడా పైపైదే. బీబీపేట, దోమకొండ, కామారెడ్డి ప్రాంతాల ఇండ్లలో ఈ రెండు చిత్రాలకూ చోటున్నది. ఘటోత్కచుని గంభీర స్వరాన్ని అనుకరించని బాలుడు, ఏ మతంవాడైనా, అరుదు. మొదటి చిత్రాన్ని తీసిన కె. ఆసిఫ్ పేరు మన విద్యార్థులకు కొంత తెలుసు. రెండవ చిత్రాన్ని తీసినవారి పేరు అడిగితే మాత్రం చాలామంది ఎన్.టి. రామారావు దగ్గరే ఆగిపోతారు. ఆ దర్శకుని జీవితాన్ని నాలుగు మాటలలో పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కదిరి వెంకటరెడ్డి 1912 జూలై 1న అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి మేనమామల ఇంట పెరిగారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో విజ్ఞానశాస్త్ర పట్టభద్రులయ్యారు. ఈ సంగతి గుర్తుంచుకోదగినది. తెరమీద మాయలను, మంత్రాలను, ఎగిరే తివాచీలవంటి వింతలను ఆయన అంత నమ్మకంగా నిలబెట్టగలగడానికి ప్రయోగశాలలో అలవడిన క్రమశిక్షణ కొంత కారణమని నా అభిప్రాయం. తాడిపత్రి మిత్రుడైన మూలా నారాయణస్వామి ధనవంతుడు, సాహసి. ఆ స్నేహమే వెంకటరెడ్డిని చిత్రరంగం వైపు నడిపించింది.

ఆ ప్రవేశం కూడా కళాకారునిగా జరగలేదు. రోహిణీ సంస్థ 1938లో ‘గృహలక్ష్మి’ చిత్రాన్ని తీస్తున్నప్పుడు ఆయన అక్కడ క్యాషియరు. జమాఖర్చులు వ్రాయడం, చిల్లర లెక్కలు సరిచూడడం ఆయన పని. తరువాత బి.ఎన్. రెడ్డి రోహిణి నుండి వేరుపడి మూలా నారాయణస్వామితో కలిసి వాహినీ సంస్థను స్థాపించగా, కె.వి. అందులో ప్రొడక్షన్ మేనేజరు అయ్యారు. ‘వందేమాతరం’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) చిత్రాలకు ఆ హోదాలోనే పనిచేశారు. ఒక్క దృశ్యం తీయడానికి ఎన్ని అడుగుల ఫిలిం ఖర్చవుతుందో, ఒక్క పూట వృథా అయితే ఎందరి కూలి నష్టమో ఆయనకు పుస్తకాలవల్ల కాక చిట్టా ఆవర్జాలవల్ల తెలిసింది. తరువాతి కాలంలో దర్శకునిగా ఆయన చూపిన పొదుపునకు, పట్టుదలకు మూలం ఈ క్యాషియరు బల్లయే.

దర్శకునిగా తొలి అవకాశం ‘భక్త పోతన’తో వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం మద్రాసును భయపెడుతున్న దినాలవి. జపాను బాంబుల భీతితో జనం నగరం విడిచి పోతున్న 1942లో ఆ చిత్రం రూపొందింది. చిత్తూరు నాగయ్య పోతనగా నటించారు. రాజుకు కృతి ఇవ్వక, నాగలి పట్టి బ్రతికిన బమ్మెర కవి కథ అది. ఓరుగల్లు మట్టిలో పుట్టిన కథను అనంతపురంవాడు మద్రాసులో తీస్తే తెలుగుదేశమంతా తనదిగా భావించింది. 1947లో ‘యోగి వేమన’ వచ్చింది. పుణ్యపురుషుని జననం నుండి మొదలుపెట్టి మహిమలతో ముగించే ఆనాటి భక్తి చిత్రాల బాటను కె.వి. అందులో పట్టలేదు. భోగలాలసుడైన యువకుడు, తాను ప్రాణప్రదంగా చూచుకొన్న అన్నకూతురు మరణించడంతో ఎట్లా విరాగి అయినాడో చూపారు. నాగయ్య నటనలో శిఖరం అదేనని చెప్పేవారున్నారు. ఆ చిత్రాన్ని చూచినవారు కాదనలేరు.

ఇక్కడనుండి ఆయన మార్గం మలుపు తిరిగింది. 1949లో ‘గుణసుందరి కథ’ తీశారు. ముగ్గురు కూతుళ్ళను తండ్రి ప్రేమ కొలువమని అడగడం, నిజం చెప్పిన చిన్నకూతురుపై కినుక వహించడం షేక్స్పియరు ‘కింగ్ లియర్’ నాటకంలోనిది. దానిని తెలుగు జానపదంలోకి దించి, అవ్వలు చెప్పే కథవలె చేశారు. రచయిత పింగళి నాగేంద్రరావు. ఈ చిత్రంతో బలపడిన ఆ జంట తెలుగు చిత్రరంగానికి లభించిన వరం.

మరి రెండేండ్లకు విజయా సంస్థ పతాకాన, నాగిరెడ్డి చక్రపాణుల నిర్మాణంలో, ‘పాతాళ భైరవి’ (1951) వెలువడింది. ఈ చిత్రం దగ్గర మన పాఠకులు కొంచెం ఆగాలి. దీనికి ప్రేరణగా మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’ను చెబుతారు. అది సత్యమే. కాని అల్లాద్దీన్ కథ తెలిసిన ప్రతి ఉర్దూ ఇంటి బిడ్డకూ తోటరాముణ్ణి చూడగానే పాత నేస్తం ఎదురైనట్లు ఉంటుంది. దూరదేశంనుండి వచ్చిన మాంత్రికుడు, అతని స్వార్థానికి కావలసిన సాహసవంతుడైన పేదయువకుడు, భూగర్భంలో దాగిన అద్భుతశక్తి, కోరినంతలో లేచి నిలిచే భవనం, చివరకు ఆ భవనంతో సహా రాకుమారి మాయమైపోవడం – ఇవన్నీ అల్లాద్దీన్ కథలో ఉన్నవే. అక్కడ దీపం, ఇక్కడ ప్రతిమ. అక్కడ జిన్ను, ఇక్కడ దేవి. బాగ్దాదు కథకుల దాస్తానూ, కాశీయాత్రికుల మజిలీ కథా ఒకే తెరమీద కలిసి కూర్చున్నవి. ఆ కలయికలో అతుకు ఎక్కడా కనిపించదు. తమ పెరటి చెట్టే ఎదుటివాని పెరటిలోనూ ఉన్నదని తెలుసుకొనడంలో ఉండే సంతోషం వేరు.

1949లో ‘మనదేశం’తో తెరకు వచ్చిన రామారావును ప్రజల హృదయాలలో కథానాయకునిగా నిలిపినది తోటరాముని పాత్రయే. నేపాళ మాంత్రికునిగా ఎస్.వి. రంగారావు చేసిన నటన ఆ తరువాతి మాంత్రికులందరికీ అచ్చుగా మారింది. ఈ చిత్రం తమిళంలోనూ, హిందీలోనూ వెలువడింది. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శింపబడింది.

జానపదాలవాడని ముద్ర పడకముందే ఆయన సాంఘికం చేపట్టారు. ‘పెద్దమనుషులు’ (1954) ఇబ్సెన్ నాటకం ఛాయలో, పట్టణపు పెద్దల కపటాన్ని ఎండగట్టిన చిత్రం. డి.వి. నరసరాజు దీనితోనే సినిమా రచయిత అయ్యారు. ఊరి ఛైర్మన్ పదవిలో, ధర్మవర్తనుని వేషంలో ఉన్న మనిషి లోపలి కుళ్ళును ఒక పిచ్చివాడు తప్ప మరెవరూ బయటపెట్టలేకపోవడం అందులోని చమత్కారం. రేలంగి ధరించిన ఆ తిక్క శంకరయ్య పాత్ర నేటికీ పాతబడలేదు. పాతబడకపోవడం మన దురదృష్టం కూడ. ఆ తరువాతి ఏడు అన్నపూర్ణా సంస్థ తన మొదటి చిత్రానికి ఆయన తీరిక కోసం వేచి ఉండి ‘దొంగరాముడు’ తీయించుకొన్నది. తొలి అడుగే ఆయన చేతిమీదుగా పడాలని ఒక కొత్త సంస్థ కాచుకొని కూర్చున్నదంటే పరిశ్రమలో ఆయన పలుకుబడి ఎంతటిదో ఊహించవచ్చు.

ఆయన పనితీరును గూర్చి కొంత చెప్పాలి. చిత్రానువాదం పూర్తిగా సిద్ధమైనదాకా ఆయన కెమెరా ముట్టేవారు కారు. సిద్ధమైన పిదప అందులో అక్షరం మార్చేవారు కారు. చేతిలో స్టాప్ వాచీ పెట్టుకొని ప్రతి దృశ్యానికి ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకండ్లు పట్టాలో ముందే నిర్ణయించేవారు. నటుడు నెమ్మదిగా మాట్లాడి నాలుగు సెకండ్లు మించితే మళ్ళీ తీసేవారు. తీసి పారవేయడమన్నది ఆయన లెక్కలో లేదు. ఆసిఫ్ పద్ధతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఒక్క ‘మొఘల్-ఎ-ఆజమ్’ కోసం దశాబ్దానికి మించి కాలాన్ని, ధనాన్ని నీళ్ళవలె పోశారాయన. ఇద్దరూ చిరస్థాయి చిత్రాలనే ఇచ్చారు గనుక ఏది సరియైన మార్గమని తేల్చనక్కరలేదు. కాని ఎవరి డబ్బుతో పనిచేస్తున్నామో మరువని మనిషిపట్ల నాకు గౌరవం కొంచెం ఎక్కువ.

1957 మార్చి 27న ‘మాయాబజార్’ విడుదలైనది. దాదాపు 184 నిమిషాల చిత్రం. వ్యాసభారతంలో కానరాని శశిరేఖా పరిణయ కథ ఇది. సురభి వంటి నాటక సమాజాల ద్వారా జనానికి అంతకుముందే చేరువైనది. కె.వి., పింగళి కలిసి చేసిన సాహసం ఏమనగా – పాండవుల ఇంటి పెండ్లి కథలో పాండవులను ఒక్కసారి కూడ తెరపై చూపలేదు. చూచినంతసేపూ ఆ లోటు ఎవరికీ స్ఫురించదు. స్ఫురించిన తరువాత, దానిని పరీక్షించడానికే మరొకసారి చూస్తాము. రామారావు అంతకుముందు ఒక చిత్రంలో కాసేపు కృష్ణునిగా కనిపించగా ప్రేక్షకులు ఒప్పుకోలేదు. ఆయనే వెనుకాడగా కె.వి. నచ్చజెప్పి, కిరీటం నుండి నడక దాక తీర్చిదిద్ది నిలబెట్టారు. ఆ తరువాత తెలుగువారికి కృష్ణుడంటే ఆ ముఖమే.

ఈ చిత్రంలో నాకు మిక్కిలి ఇష్టమైనది సావిత్రి నటన. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కౌరవుల విడిదిలో తిరుగుతున్న ఘట్టం అది. ఆడపిల్ల దేహంలో రాక్షసుడు దాగి ఉన్నాడని ఆమె మాటతో కాదు, భుజాల కదలికతో, కనుబొమల విరుపుతో తెలియజేసింది. రంగారావు మీసం ఆమె ముఖంపై లేకున్నా ఉన్నట్లు తోస్తుంది. మార్కస్ బార్ట్‌లే అనే ఆంగ్లో ఇండియన్ ఛాయాగ్రాహకుడు పడవ పాటలో కెమెరాతో సృష్టించిన వెన్నెల అసలు వెన్నెలకన్న చల్లగా ఉంటుంది. మా గోఖలే, కళాధర్ కళాదర్శకులు. ద్వారకను చిన్నచిన్న నమూనా భవనాలతో కట్టారు. పాటల వరుసలు కొన్ని సాలూరు రాజేశ్వరరావు కట్టి వైదొలగగా ఘంటసాల పూర్తిచేశారు. పింగళి పుట్టించిన గింబళి, తసమదీయులు వంటి మాటలు నిఘంటువులకన్న ముందు ఇండ్లలో చేరినవి. ఒక హిందూ పురాణకథను ఒక ముస్లిం అధ్యాపకుడు ఇంతగా మెచ్చడమేమని అనుకొనేవారు ఉండవచ్చు. వియ్యాలవారి ఆడంబరం, ధనం తరిగిన మేనల్లునికి పిల్లనివ్వడానికి వెనుకాడే మేనమామ, నడుమ నలిగే ఆడపిల్ల – ఈ కథ మన వీధిలో ఏ ఇంటిది కాదు?

విజయపు వెలుగు అట్లే నిలువలేదు. ‘పెళ్లినాటి ప్రమాణాలు’ (1958), ‘జగదేకవీరుని కథ’ (1961), ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ (1963) ఆదరణ పొందినవి. 1965లో విజయా సంస్థకు తీసిన ‘సత్య హరిశ్చంద్ర’ అపజయం పాలైనది. విచిత్రమేమంటే అదే సంస్థ, అదే కథను, అదే ఏడు కన్నడంలో రాజ్‌కుమార్ కథానాయకునిగా వేరొక దర్శకునితో తీయగా అక్కడ జయభేరి మ్రోగించింది. 1968లో వచ్చిన ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’, ‘భాగ్యచక్రం’ రెండూ నిలువలేదు. ప్రేక్షకుడు మారినాడు. రంగులు, వేగం, నగర జీవితం అతనిని ఆకర్షిస్తున్నవి. గడియారం చేత పట్టిన మనిషికే కాలం చేయిచ్చింది. ఆయన పద్ధతి మాత్రం మారలేదు. మారి ఉంటే మరి రెండు విజయాలు వచ్చేవేమో, చెప్పలేము. ఆయన చివరి చిత్రం ‘శ్రీకృష్ణ సత్య’ 1971లో, తాను కృష్ణునిగా తీర్చిన రామారావుతోనే రూపొందింది. 1972 సెప్టెంబర్ 15న, అరువది ఏండ్ల వయసులో, కె.వి. రెడ్డి మరణించారు. ముప్పది ఏండ్లలో తీసినవి పదునాలుగు చిత్రాలు మాత్రమే.

ఆయన వద్ద పని నేర్చిన కమలాకర కామేశ్వరరావు ‘నర్తనశాల’ (1963) తీశారు. ‘మాయాబజార్’ నాటి శిష్యుడు సింగీతం శ్రీనివాసరావు మాటలే లేని ‘పుష్పక విమానం’ (1987) తీశారు. ‘మొఘల్-ఎ-ఆజమ్’కు 2004లో పూర్తిగా రంగులద్దగా, ‘మాయాబజార్’కు 2010లో అద్దారు. 2013లో ఒక జాతీయ వార్తా ఛానల్ నిర్వహించిన పోలింగులో భారతీయ చిత్రాలన్నింటిలో ప్రథమస్థానం ‘మాయాబజార్’కే లభించింది.

విద్యార్థులు ఈ చిత్రాలు చూడదలచినచో మొదట ‘పాతాళ భైరవి’, పిదప ‘పెద్దమనుషులు’, అటుపై ‘మాయాబజార్’ చూడవలసిందిగా నా సలహా. ‘మాయాబజార్’ రంగుల ప్రతి ఒకసారి చూచినా చాలు. ఆ పడవ పాటను మాత్రం నలుపు తెలుపులోనే చూడండి. బార్ట్‌లే వెన్నెలకు రంగు లేదు.